వేసవి సెలవలు ఎవరికి?

(నందిగామలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ సమావేశానికి పిలిచినప్పుడు దేని గురించి మాట్లాడతారని అడిగారు. "ఎండాకాలంలో పసిపిల్లలున్న ఇంటి గురించి" అన్నాను. ఫోనులో అవతల కాసేపు మాట వినిపించలేదు. తర్వాత, "హక్కుల గురించి ఏమైనా చెబుతారేమో అనుకున్నామండీ" అన్నారు. ఆ తటపటాయింపు దగ్గర నుంచే మొదలుపెడతాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించేదాకా మగవాళ్ళ తాగుడు 'ఇంటి గొడవ'గానే చలామణి అయింది. భార్యను కొట్టటం నేరమని నలుగురూ ఒప్పుకోవటానికి ఎన్నేళ్ళు పట్టిందో మనకు తెలుసు. ఒక్కో ఇంటి గొడవనూ వీధిలోకి తెచ్చి, ఇది అందరి సమస్య అని చెప్పటమే ఇన్నాళ్ళూ మనం చేసిన పని. అయితే మే నెలలో ముగ్గురు చిన్నపిల్లలతో ఒక స్త్రీ రోజు ఎలా గడుపుతుందన్నది మాత్రం ఇంకా ఇంటిలోనే ఉండిపోయింది. దాన్ని గొడవ అని కూడా ఎవరూ అనటం లేదు. సంసారం అంటున్నారు.

వేసవి అనగానే మన పత్రికల్లో ఏం రాస్తారు? తాటిముంజలు, మామిడిపళ్ళు, ఆరుబయట మంచాలు, అమ్మమ్మగారి ఊరు. అన్నీ నిజమే, నాకూ ఆ జ్ఞాపకాలున్నాయి. కానీ ఇరవై మంది పిల్లలు దిగిన ఆ ఇంట్లో అమ్మమ్మ ఎన్నింటికి లేచేది? ఆవకాయ ముక్కలు కొట్టింది మావయ్యే అయినా, కారం దంచి, కలిపి, జాడీలకెత్తి, ఆ గిన్నెలన్నీ తోమింది ఎవరు? ఆ జ్ఞాపకాలు రాసినవాళ్ళు ఆ వేసవిలో పిల్లలు. వంటింట్లో ఉన్నవాళ్ళు ఏమీ రాయలేదు.

కిందటి వేసవిలో కొన్ని రోజులు కీసరలో ఉన్నాను. మీలో చాలామందికి ఆ ఊరు బాగా తెలుసు. హైదరాబాదు – విజయవాడ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు మున్నేటి వంతెనగా, టోల్ గేటుగా తెలుసు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఎన్‌టిఆర్ జిల్లా అయింది గానీ, జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల కలిపి ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్ట అనే అంటాం. పత్తి, మిరప, సుబాబుల్ తోటలు, రాళ్ళ క్రషర్లు, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. కృష్ణా జిల్లా అనగానే కాలవలూ వరిచేలూ గుర్తొచ్చేవాళ్ళకు ఈ మెట్ట కనపడదు. సాగర్ ఎడమ కాలవ నీళ్ళకు ఇది చిట్టచివర. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికొచ్చింది. లారీలు, బస్సులు ఆగిపోయాయి, దేశమంతా టీవీల్లో చూసింది. ఎండాకాలంలో అదే ఏటి ఇసుకలో చెలమ తీసుకుని నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళ కోసం ఏ కెమెరా రాదు. వాతావరణ శాఖవాళ్ళు వడగాడ్పుల రోజుల్లో చదివే జాబితాలో నందిగామ పేరు తరచుగా వినపడుతుంది. అంతవరకే.

నేను ఎక్కువసేపు గడిపిన ఇంటి గురించి చెబుతాను. ఆమె పేరు చెప్పను. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పెద్దపిల్లకు ఐదు దాటింది, రెండోపిల్లకు రెండున్నర, మూడోవాడికి నాలుగో నెల. భర్త క్రషర్‌లో పనిచేస్తాడు. అత్తగారు ఇంకా కూలికి వెళుతుంది. రెండు గదుల రేకుల ఇల్లు. పొద్దున తొమ్మిదింటికే ఆ రేకులు కాలటం మొదలుపెడతాయి. రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. ఎండ ముదిరితే పొయ్యి దగ్గర నిలబడలేదు కాబట్టి వంట అప్పుడే కావాలి. కుళాయి నీళ్ళు ఏ టైముకు వస్తాయో తెలియదు, వచ్చినప్పుడు పట్టుకోవాలి. వాడకానికి బిందెలు, తాగటానికి వాటర్ టిన్ను. చలికాలంలో మూడు రోజులొచ్చే టిన్ను ఎండాకాలంలో ఒకటిన్నర రోజే. పసివాడి పొత్తిగుడ్డలు ఉతకాలి. రెండోపిల్లకు ఒళ్ళంతా చెమటకాయలు, రోజుకు రెండుసార్లు నీళ్ళు పోయాలి. ఒంటిపూట బడులు, ఆ తర్వాత సెలవలు. అంటే పెద్దపిల్లకు బడిలో దొరికే మధ్యాహ్నభోజనం కూడా ఇంటి పొయ్యి మీదికే వస్తుంది. భర్తకు కట్టిన అన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుందని మజ్జిగ వేరే, కూర వేరే కట్టాలి. పిల్లలు వేడికి పగలు నిద్రపోరు. రాత్రి కరెంటు పోతే అసలు పడుకోరు. మగవాళ్ళు మంచాలు బజార్లో వేసుకుంటారు. పాలిచ్చే తల్లి బజార్లో ఎలా పడుకుంటుంది? రేకుల కిందే, ఒక చేత్తో విసనకర్ర, ఇంకో చేత్తో బిడ్డ.

ఇదంతా చూస్తూ నేను నోట్సు రాసుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం ఆమె బిడ్డకు పాలిస్తూ, కాలితో రెండోదాని ఉయ్యాల ఊపుతూ, మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. తొడిమలు తీసినందుకు డబ్బులొస్తాయి కాబట్టి అది పని. మిగిలిన రెండూ ఏ గడిలో రాయాలో నాకు అర్థం కాలేదు.

ఆ లెక్క ప్రభుత్వం ఎలా రాసిందో చూద్దాం. మన దేశంలో కేంద్ర గణాంక శాఖ 2019లో సమయ వినియోగ సర్వే చేసింది. కూలి లేని ఇంటిపని చేసినవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారని తేలింది. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళే నూటికి 26 మంది, ఆడవాళ్ళు 81 మంది. 2024లో మళ్ళీ సర్వే చేశారు. ఆడవాళ్ళవి 289 నిమిషాలు, మగవాళ్ళవి 88 నిమిషాలు. ఐదేళ్ళలో ఆడవాళ్ళకు తగ్గింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మగవాళ్ళు పంచుకున్నందువల్ల తగ్గలేదు, వాళ్ళవీ తొమ్మిది తగ్గాయి. పిల్లల్ని, ముసలివాళ్ళని చూసుకునే సమయం దీనికి అదనం.

ఈ అంకెలు మనకు గొప్ప ఆయుధం. కాదనను. కానీ అది ఏడాది సగటు. మే నెల ఆ సగటులో కలిసిపోతుంది. పైగా ఇద్దరు పిల్లలు ముగ్గురైన ఇల్లూ, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన ఇల్లూ ఆ సగటులో ఒకటే. సంసారం పెరుగుతున్న ఇంట్లో, పిల్లలు ఐదేళ్ళ లోపున్న కాలంలో, నడివేసవిలో ఆ స్త్రీకి ఎన్ని నిమిషాలు మిగిలాయన్నదే నేను అడిగే ప్రశ్న. ఇంటిపని చేసే స్త్రీలను జనాభా లెక్కల్లో బిచ్చగాళ్ళు, ఖైదీలతో కలిపి 'పని చెయ్యనివాళ్ళ' కింద రాయటాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. లెక్క రాయకపోవటం అజాగ్రత్త కాదు. లెక్క రాస్తే కూలి సంగతి ఎత్తాలి. కూలి ఇవ్వకపోతే కనీసం సాయం సంగతి ఎత్తాలి.

ఇప్పుడు ఆరోగ్యం మాట. మన ఇళ్ళలో బాలింత పథ్యం మీకు తెలిసిందే. చెవుల్లో దూది, తలకు గుడ్డ, గాలి తగలని గది, నీళ్ళు కొద్దికొద్దిగా. చలికాలంలో దానికేదో అర్థముందేమో గానీ, నలభై నాలుగు డిగ్రీల ఎండలో పాలిచ్చే తల్లికి నీళ్ళు కట్టడి చెయ్యటం ప్రమాదం. తల్లికి నీళ్ళు మానిపించి, పసివాడు దాహానికి ఏడుస్తున్నాడని వాడికి చెంచాతో నీళ్ళు పడతారు. డాక్టర్లు చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు. ఆరు నెలల దాకా బిడ్డకు ఎంత ఎండలోనైనా తల్లిపాలు చాలు, నీళ్ళు కావలసింది తల్లికి. బయట పనికి వెళ్ళేవాళ్ళ సంగతి ఇంకొకటి. చేలో చాటు ఉండదు. పొద్దున బయల్దేరినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా దాహం వేసినా గుక్క నీళ్ళతో సరిపెట్టుకుంటారు. మూత్రంలో మంట అని చెప్పుకోవటానికి సిగ్గుపడతారు.

ఈమె మూడోవాడికి రెండు నెలలు నిండగానే మిరప కోతలకు వెళ్ళింది. మార్చి నెల. చేను గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, పెద్దపిల్లను కాపలా కూర్చోబెట్టి, సాళ్ళలోకి దిగింది. కల్లంలో ఎండుకాయ ఘాటుకు మనకే దగ్గు ఆగదు. పాలివ్వటానికి వచ్చిన ప్రతిసారీ చేతులు ఎన్నిసార్లు కడిగినా కారం పోదు, బిడ్డ మొహం మంట. వేరే జిల్లాల నుంచి కోతలకు వలసొచ్చినవాళ్ళకైతే ఆ గట్టే ఇల్లు కూడా. ఎండ దెబ్బ కడుపులో బిడ్డను కూడా వదలదు. 27 దేశాల్లో జరిగిన అధ్యయనాలను పరిశీలించి 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష, వేడి పెరిగేకొద్దీ నెలలు నిండని కాన్పులు పెరుగుతున్నాయని చెప్పింది. అందుకే వడదెబ్బ హెచ్చరిక "బయటకు రావద్దు" అంటే సరిపోదు. బయటకు రాకపోతే కూలి పోతుంది. లోపల ఉంటే రేకులున్నాయి.

నేను మరిచిపోలేనిది మాత్రం ఆ పెద్దపిల్ల. చంకలో తమ్ముడు, వెనకాల చెల్లెలు. పిల్లవాడు ఏడిస్తే ఎలా తట్టాలో, కక్కుకుంటే ఎలా తుడవాలో దానికి తెలుసు. "మా పెద్దది నాకు కుడిభుజం" అంది తల్లి మురిపెంగా. ఐదేళ్ళ పిల్ల ఆ ఇంట్లో మూడో తల్లి. అత్తగారు, కోడలు, ఇది. సెలవలిచ్చారు కాబట్టి బడికి బదులు ఇంటి పనికి వెళుతోంది. ఆ పిల్లకు ఎవరూ అన్యాయం చెయ్యటం లేదు. అందరూ ప్రేమగానే ఉన్నారు. పితృస్వామ్యం ఎప్పుడూ కర్ర పట్టుకునే రాదు, ఒక్కోసారి "కుడిభుజం" అని ముద్దుపెట్టుకుంటుంది.

ఒక సాయంత్రం ఆమెను అడిగాను, మూడో కాన్పు కావాలనుకున్నావా అని. "ఇద్దరూ ఆడపిల్లలే గదా అని ఆపరేషన్ ఆపించారు అక్కా. ఎండలు తగ్గాక చేయించుకుంటా" అంది. అతను చేయించుకోకూడదా అన్నాను. నవ్వింది. "మగోళ్ళు చేయించుకుంటే బరువులు ఎత్తలేరంటగా!" అంది. అప్పుడు ఆమె చంకలో బిడ్డ, చేతిలో నిండు బిందె. తర్వాత తనే అంది: "ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారంటగా, టీవీలో చెప్పారు. కంటాంలే గానీ, ఎండాకాలం ఎవరు చూస్తారంట?"

స్నేహితులారా, ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

1994 పంచాయతీరాజ్ చట్టంలో, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని మన రాష్ట్రం రాసింది. ఆ దశాబ్దంలో ఊరూరా ఆపరేషన్ల లక్ష్యాలు పెట్టారు. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019–21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఆ తగ్గుదలను ఎవరి ఒంటి మీద సాధించారు? అదే సర్వే ప్రకారం పెళ్ళయిన స్త్రీలలో సుమారు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. ముప్పై ఏళ్ళ తర్వాత, 2024 నవంబరులో, శాసనసభ ఆ ఇద్దరి నిబంధన ఎత్తేసింది. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రే చెబుతున్నారు.

ఆ నిబంధన పోవలసిందే. అది ఎందరో దళిత, బహుజన స్త్రీలకు పదవి అందకుండా చేసింది. దానికి నేను బాధపడటం లేదు. నా బాధ వేరు. వద్దన్నప్పుడూ, కావాలన్నప్పుడూ అడిగింది గర్భసంచినే గానీ, ఆ మనిషిని కాదు. బిడ్డ పుడితే వాడి వెనక పెరిగే పని ఎంత, దాన్ని ఎవరు పంచుకుంటారు అని రెండుసార్లూ ఎవరూ లెక్క వెయ్యలేదు. చూడండి: 2025లో ప్రసూతి సెలవుకు పిల్లల సంఖ్య పరిమితి తీసేశారు, మంచిదే. అది ప్రభుత్వ ఉద్యోగినులకు. మిరపచేలో సెలవు ఎవరిస్తారు? అదే ఏడు 'తల్లికి వందనం' కింద పిల్లకు 15 వేలు ప్రకటించి, బడి నిర్వహణకు రెండు వేలు తగ్గించి, తల్లి ఖాతాలో వేశారు. అది బడికెళ్ళే పిల్లలకు. కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు 2022 నిబంధనల ప్రకారం మొదటి కాన్పుకు, రెండో కాన్పులో ఆడపిల్ల అయితే ఆ కాన్పుకు. మూడోవాడికి లేదు. తల్లి నిద్రలేకుండా గడిపే ఆ మొదటి మూడేళ్ళూ అన్ని పథకాల సందుల్లోంచీ జారిపోయాయి.

చట్టాల్లో మాటలు లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం పనిచేసే తల్లుల పిల్లలకు శిశు సంరక్షణ గది ఉండాలంది. 2005 ఉపాధి హామీ చట్టం, పని జరిగే చోట ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు, అంతకుమించి ఉంటే, వాళ్ళను చూసుకోవటానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలంది. మీ మండలంలో ఎండలో మట్టిపని జరిగినన్నాళ్ళు అలాంటి చోటు ఎక్కడైనా చూశారా? చేతులెత్తండి. ... సరే. చెయ్యదలిస్తే అసాధ్యం కాదు. 1969లోనే ఢిల్లీలో మీరా మహదేవన్ భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మొబైల్ క్రెషె సంస్థ మొదలుపెట్టారు. పక్కనున్న కర్ణాటక 2023లో గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో పసిపిల్లల కేంద్రాలు తెరవటం మొదలుపెట్టింది.

మనకు అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. 1975 నుంచి ఉంది. గుడ్లు, పాలు ఇస్తారు, తూకం చూస్తారు. కానీ కోతల ముఠా ఆరింటికి బయల్దేరుతుంది, అంగన్‌వాడీ తలుపు ఆ తర్వాత తెరుస్తారు. మూడేళ్ళ లోపు పిల్లను అక్కడ వదిలి వెళ్ళే ఏర్పాటు లేదు. దీనికి అంగన్‌వాడీ అక్కలను తప్పుపట్టకండి. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు వాళ్ళు. అప్పటికి వాళ్ళ జీతం 11,500. దాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. ఊరందరి పిల్లల్ని చూసేవాళ్ళది కూడా పని కాదట, సేవట! ఇంట్లో తల్లి పనికి విలువ లేదు కాబట్టే బయట ఆ పని చేసేవాళ్ళకూ విలువ లేదు. ఈ రెండూ ఒకే పోరాటం. విడదీస్తే రెండూ ఓడిపోతాం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పిహెచ్‌డి థీసిస్ రాసిన రెండు వేసవులూ నా పిల్లలు మా అమ్మ దగ్గర పెరిగారు. స్త్రీల శ్రమ మీద మూడు వందల పేజీలు రాశాను. కృతజ్ఞతల పేజీలో గైడు పేరు మొదట, లైబ్రేరియన్ పేరు మధ్యలో, అమ్మ పేరు చివర. పుట్టిల్లు మనకు సెలవు. ఆ సెలవు మన తల్లి వీపు మీద నిలబడి ఉంటుంది. కీసరలో ఈమె పదిరోజులు పుట్టింటికి వెళ్ళొచ్చింది. "హాయిగా నిద్రపోయా అక్కా" అంది. ఆ పదిరోజులు వాళ్ళమ్మ నిద్రపోలేదన్నమాట. పని ఒక స్త్రీ నుంచి ఇంకో స్త్రీకి చేతులు మారినంత మాత్రాన తగ్గినట్టు కాదు.

అందుకని ఈ వేసవికి నాలుగు పనులు చెబుతాను. ఒకటి, గ్రామసభలో తీర్మానం పెట్టించండి: మూడేళ్ళ లోపు పిల్లలకు ఊళ్ళో ఒక నీడపట్టు, కూలి సమయానికి తెరిచేది, జీతమిచ్చి నడిపేది, సెలవల్లో మూతపడనిది. రెండు, ఆశా కార్యకర్తలతో కలిసి బాలింతల ఇళ్ళకు వెళ్ళండి. ముందు అత్తగార్లతో కూర్చోండి. వాళ్ళను విలన్లను చెయ్యకండి, వాళ్ళు ఆ పథ్యమే పట్టి బతికినవాళ్ళు. మూడు, కుళాయి నీళ్ళు ఇచ్చే సమయం ముందుగా చెప్పమని పంచాయతీని అడగండి. చిన్న విషయంలా కనపడుతుంది. ఎన్ని రాత్రుల నిద్ర మిగులుతుందో చూడండి. నాలుగు, మగవాళ్ళతో మాట్లాడండి. ఒక ఇంట్లో అందరి పనుల పట్టికా పొద్దున్నుంచి రాత్రిదాకా గోడ మీద బొగ్గుతో రాయించండి. ఉపన్యాసం అక్కర్లేదు. కీసరలో అలా రాశాక ఆ భర్త కాసేపు చూసి, ఏమీ అనకుండా వాటర్ టిన్ను తేవటానికి లేచాడు. విప్లవమేమీ రాలేదు. మర్నాడు కూడా తెచ్చాడు. నేను వచ్చేశాక ఏం జరిగిందో చెప్పలేను. పక్కింటివాళ్ళు నవ్వితే మానేసి ఉండవచ్చు. అందుకే ఒక్క ఇంట్లో కాదు, బజారంతా రాయించమంటున్నాను.

ఎక్కువమందిని కనాలో, వద్దో ఆ స్త్రీ నిర్ణయించుకుంటుంది. అది ఆమె హక్కు. కానీ "ఎండాకాలం ఎవరు చూస్తారంట?" అన్న ప్రశ్నకు జవాబు లేనంతకాలం ఆ హక్కు కాగితం మీద మాటే. జవాబు చెప్పవలసినవాళ్ళు ఇంట్లో ఉన్నారు, పంచాయతీలో ఉన్నారు, అమరావతిలో ఉన్నారు, ఢిల్లీలో ఉన్నారు. వాళ్ళు జవాబు చెప్పేదాకా అడగవలసినవాళ్ళం మనం.

ఎండ ముదరకముందే ఇళ్ళకు చేరాలి, మీ ఇళ్ళలోనూ పిల్లలు ఎదురుచూస్తుంటారు. సెలవు.